‘ట్రాన్స్‌వర్స్ మైలైటిస్’ అని రాస్తే సరిపోతుందా?

ఆరోగ్యంగా తిరిగే మనిషికి ఉన్నట్టుండి కాళ్లు తిమ్మిరెక్కి, రెండు మూడు రోజుల్లో నడక పడిపోయి, మూత్రం ఆగిపోయిందనుకోండి. ఎం.ఆర్.ఐ.లో వెన్నుపాము వాచినట్టు కనిపిస్తే ‘ట్రాన్స్‌వర్స్ మైలైటిస్’ అని రాస్తారు. వెన్నుపాములో అడ్డంగా వ్యాపించిన వాపు అని అర్థం. వాపు ఎక్కడుందో ఆ పేరు చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. అక్కడితో నిర్ధారణ ముగిసిందనుకోవడమే పొరపాటు.

ఈ జబ్బును గుర్తించడానికి 2002లో ఒక నిపుణుల బృందం ప్రమాణాలు రూపొందించింది. వాటిలో మేలు చాలానే ఉంది. వెన్నుపామును ఏదీ నొక్కడం లేదని ముందుగా తేల్చుకోమన్నాయి. వెన్నెముక క్షయ ఇంకా కనిపించే మన దేశంలో ఇది మరీ ముఖ్యం. వెన్ను నీటిలో తెల్లకణాలు పెరగడం వంటి వాపు గుర్తులు ఉండాలన్నాయి. లక్షణాలు 4 గంటలకూ 21 రోజులకూ మధ్య తీవ్రస్థాయికి చేరాలన్నాయి. అంతకన్నా త్వరగా చేరితే రక్తనాళం మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. నెలల తరబడి ముదిరితే బి12 లోపం వంటివి వెతకాలి.

లోపమల్లా, కారణం దొరకనివన్నీ ఒకే బుట్టలో పడటం. 2018లో ప్రచురితమైన మేయో క్లినిక్ పరిశీలనను చూడండి. ‘కారణం తెలియని’ మైలైటిస్ అనుమానంతో వచ్చిన 226 మందిలో సుమారు 70 శాతానికి వేరే నిర్దిష్టమైన జబ్బు బయటపడింది.

అలాంటి జబ్బుల్లో న్యూరోమైలైటిస్ ఆప్టికా ఒకటి. ఇందులో మన శరీర రక్షణ వ్యవస్థే కంటి నరాల మీద, వెన్నుపాము మీద దాడి చేస్తుంది. దీనికి గుర్తయిన యాంటీబాడీని 2004లో కనుగొన్నారు. ‘ఆక్వాపోరిన్-4’ అనే ప్రోటీనుపై అది గురిపెడుతుందని 2005లో తేలింది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే బీటా ఇంటర్‌ఫెరాన్ ఈ జబ్బును మరింత ముదరబెట్టవచ్చు. పేరు తప్పితే మందూ తప్పుతుందన్నమాట.

అలాగని రక్తపరీక్షే వేదం కాదు. యాంటీబాడీ లేదని వచ్చినంత మాత్రాన జబ్బు లేదనలేం. ఎలీసా పద్ధతి కన్నా కణాల ఆధారంగా చేసే పరీక్ష నమ్మదగినది. చికిత్స మొదలుపెట్టే ముందే రక్తం తీయడం మంచిది. అయితే ఫలితం వచ్చేదాకా స్టీరాయిడ్లు ఆపి కూర్చోకూడదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ పేరు చెబితే, ‘దీనికి కారణమేమిటి డాక్టరుగారూ? ఏయే జబ్బులు కావని తేల్చుకున్నారు?’ అని అడగండి. మళ్లీ రాకుండా ఏ మందు వాడాలన్నది ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.