హువాచింగ్ ప్రాసాదం: కావ్యాలలో కాలవిరోధం - ఒక పరిశీలన

1. ప్రవేశిక

చైనాలోని షియాన్ నగరానికి తూర్పున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, లీషాన్ పర్వతపాదం వద్ద వేడినీటి ఊటలున్నాయి. టాంగ్ వంశ చక్రవర్తి తాయ్‌జోంగ్ క్రీ.శ. 644లో అక్కడ స్నానప్రాసాదాన్ని కట్టించాడు. 671లో గావోజోంగ్ దానికి ‘ఉష్ణజల ప్రాసాదం’ అని, 747లో షువాన్‌జోంగ్ ‘హువాచింగ్ ప్రాసాదం’ అని పేర్లు పెట్టారు. షువాన్‌జోంగ్ సాధారణంగా చాంద్రమానం ప్రకారం పదో నెలలో, అంటే చలికాలం మొదట్లో, పరివారంతో అక్కడికి తరలివెళ్లేవాడు. అధికారులు కూడా వెంట వెళ్లడం వల్ల రాజ్యవ్యవహారాలు అక్కడి నుంచే నడిచేవి. చరిత్రలో ఇది చలికాలపు విడిది. మరి కావ్యాలలో ఈ చలికాలం ఏమైందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. కాలవిరోధం: దోషమా, గుణమా?

షువాన్‌జోంగ్, యాంగ్ గుయిఫేల ప్రణయం ఇతివృత్తంగా బై జూయీ 806లో ‘శాశ్వత దుఃఖగీతం’ రచించాడు. ఇందులో స్నానఘట్టం వసంతారంభపు చలిలో జరుగుతుంది. కావ్యాంతంలో మాత్రం ప్రేమికులు ఏడో నెల ఏడో రాత్రి దీర్ఘాయుర్మందిరంలో ప్రతిజ్ఞ చేసినట్లుంది. చైనా చరిత్రకారుడు చెన్ యింకె దీనిపై రెండు ఆక్షేపణలు చేశాడు. ఆ మందిరం దైవారాధనకు ఉద్దేశించినది. చక్రవర్తి ఆ నెలలో అక్కడ విడిది చేసేవాడు కాదు. తొమ్మిదో శతాబ్ది కవి దు మూ రాసిన హువాచింగ్ పద్యంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. గుయిఫే కోసం లిచీ పండ్లను అశ్వికులు ఆగమేఘాలపై తెస్తారు. కానీ లిచీ వేసవిలో పండేది.

మన ఆలంకారికులు దీనిని కాలవిరోధమంటారు. దండి ‘కావ్యాదర్శం’లో దీనిని దోషాలలో చేర్చి, కవికౌశలం వల్ల అదే గుణం కాగలదని కూడా చెప్పాడు. కాబట్టి ‘కవి పొరబడ్డాడు’ అని తేల్చడంతో విమర్శ ముగియదు. ఏడో నెల ఏడో రాత్రి, ఏడాదికొకసారి మాత్రమే కలిసే నక్షత్ర దంపతుల రాత్రి. ఎడబాటును ప్రధానంగా చిత్రించే కావ్యానికి అంతకన్న తగిన సమయం లేదు. త్వరగా చెడిపోయే లిచీ పండు దు మూ అధిక్షేపానికి పదునిచ్చింది. ఒకరి కోరిక కోసం ఎందరు శ్రమపడ్డారో ఆ ఒక్క పండు చెబుతుంది. ఈ రెండు చోట్లా విరోధం గుణమే అయింది.

3. చలికాలాన్ని చూసిన కవి

అయితే ఈ లాభానికి ఒక మూల్యముంది. దానిని గ్రహించాలంటే దు ఫూ రచనను చదవాలి. 755 చలికాలంలో, అప్పుడే చిన్న ఉద్యోగం దొరికిన దు ఫూ, రాజధాని నుంచి ఫెంగ్‌షియెన్‌లోని కుటుంబం దగ్గరకు ప్రయాణమయ్యాడు. తెల్లవారుజామున లీషాన్ పక్కగా సాగాడు. లోపల చక్రవర్తి, ఆవిర్లు చిమ్మే నీరు, విందులు. వెలుపల గడ్డకట్టే దారి. ఇల్లు చేరేసరికి పసిబిడ్డ ఆకలితో మరణించి ఉన్నాడు. 500 అక్షరాల ఈ కవితలో తిరుగుబాటు ప్రస్తావన లేదు. కానీ ఆ చలికాలంలోనే ఆన్ లూషాన్ తిరుగుబాటు చేశాడు. ఆ వార్త షువాన్‌జోంగ్‌కు హువాచింగ్‌లోనే అందింది. మరుసటి ఏడాది మావేయ్ వద్ద సైనికుల ఒత్తిడికి యాంగ్ గుయిఫే బలి అయింది.

వేడినీరు భోగమయ్యేది బయట చలి ఉన్నప్పుడే. ఋతువు మారితే ఆ నీరు ప్రణయానికి అలంకారమవుతుంది. చలిలో నిలిచిన మనిషి దృశ్యం నుంచి తొలగిపోతాడు. బై జూయీ కాలవిరోధం వల్ల కావ్యం కోల్పోయినది ఇదే. దు మూ ఋతువును మార్చినా శ్రమించేవారిని విడువలేదు. అందువల్ల అసలు భేదం కాలాన్ని పాటించడంలో కాదు, ఎవరిని చూపించారన్నదానిలో ఉంది.

4. బై జూయీ మరో కవిత

ఈ కారణంగా బై జూయీని ప్రజల కష్టం ఎరుగని కవి అనడం అన్యాయం. 809 నాటి ‘నవ్య యూఫూ’ కవితలలో ఆయన ఇదే లీషాన్ ప్రాసాదాన్ని తీసుకున్నాడు. అక్కడికి వెళ్లని తన కాలపు చక్రవర్తి ప్రజల ధనాన్ని, శ్రమను కాపాడాడని ప్రశంసించాడు. రాజవిహారానికయ్యే వ్యయం ఆయనకు బాగా తెలుసు. ప్రణయకావ్యంలో దానిని పక్కన పెట్టాడు, అంతే.

లోకస్మృతి మాత్రం ఆ ప్రణయాన్నే ఎంచుకుంది. 1982 నుంచి జరిగిన తవ్వకాలలో టాంగ్ కాలపు స్నానకుండాలు బయటపడ్డాయి. 1936 డిసెంబరు 12న చాంగ్ కై-షేక్‌ను నిర్బంధించిన ఘటన తాలూకు తూటా గుర్తులు అక్కడి మందిరంలో ఉన్నాయి. 2007 నుంచి అక్కడ ప్రదర్శిస్తున్న నృత్యరూపకం పేరు ‘శాశ్వత దుఃఖగీతం’.

5. ముగింపు

హువాచింగ్‌ను ఒక్క కావ్యం ద్వారా చూస్తే ప్రేమ కనబడుతుంది, దారి కనబడదు. బై జూయీ పక్కన దు ఫూను ఉంచి చదివినప్పుడు ప్రాకారానికి రెండు వైపులా ఉన్నవారు కనిపిస్తారు. కాలవిరోధాన్ని గుర్తించడం వల్ల విమర్శకు కలిగే ప్రయోజనం కవి తప్పును పట్టుకోవడం కాదు. ఆ మార్పు వల్ల కావ్యంలో ఎవరు మిగిలారు, ఎవరు తొలగిపోయారు అని అడగగలగడం.