కట్టమంచివారి విమర్శ – రాజీనామా

కట్టమంచి రామలింగారెడ్డిగారి సాహిత్యవిమర్శను, విశ్వవిద్యాలయపాలనమును వేర్వేఱుగ చర్చించుట పరిపాటి. ఈ రెంటికిని మూల మొక్కటియే యని మా యభిప్రాయము.

1914లో వెలువడిన ‘కవిత్వతత్త్వవిచారము’న వారు సూరన కథాకల్పనమును మెచ్చిరి, ప్రబంధకవుల వర్ణనాతిశయమును నిర్మొగమాటముగ ఖండించిరి. ఎంత పేరుపొందిన కవియైనను హేతువు ముందు నిలువవలసినదే. 1926లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు ప్రథమ వైస్ ఛాన్సలరైన వీరే, 1930లో స్వాతంత్ర్యోద్యమముపై ప్రభుత్వము సాగించిన దమననీతికి నిరసనగా ఆ పదవిని వీడిరి. గ్రంథమున ప్రతిష్ఠకు లొంగని బుద్ధి పదవియందు ప్రభుత్వమునకును లొంగలేదు.

1931లో ఇటలీ ఫాసిస్టు ప్రభుత్వము ఆచార్యులచే విధేయతాప్రమాణము చేయింపబూనెను. 1,200 మందికి పైగా నున్నవారిలో నిరాకరించినవారు సుమారు 12 మంది మాత్రమే. రెడ్డిగారి నెవ్వరును ప్రమాణ మడుగలేదు. అయినను అట్టి వేళ పదవిలో మౌనముగ నుండుటయు నొక ప్రమాణమే.

1936లో వారు మరల వచ్చి 1949 వఱకు అదే పదవిని నిర్వహించిరి. ఆ ప్రభుత్వ మిచ్చిన ‘సర్’ బిరుదమును స్వీకరించిరి. ఇది పూర్వనిష్ఠకు భంగమను నాక్షేపణ త్రోసివేయదగినది కాదు. బిరుదమును మేమును సమర్థింపము. పునరాగమనము మాట వేఱు. విశ్వవిద్యాలయము ప్రభుత్వపు సొత్తు కాదు. వారు నిరాకరించినది దమనమునకు తోడ్పాటును, విద్యాసేవను గాదు. ప్రబంధదోషముల నెత్తిచూపినవారు ప్రబంధపఠనమును మానలేదు గదా!