రుణగ్రస్తునికి మిగిలేది: హిదాయా, సివిల్ ప్రొసీజర్ కోడ్ – ఒక పరిశీలన

అప్పు తీర్చలేని మనిషి ఆస్తిని న్యాయస్థానం స్వాధీనపరచుకొన్నప్పుడు అతని చేతిలో ఏమి మిగలాలి? ప్రశ్న చూడటానికి చిన్నదే. కాని ఒక న్యాయవ్యవస్థ మనిషిని ఏ దృష్టితో చూస్తున్నదో దీని ద్వారానే బోధపడుతుంది. ఏమేమి తీసుకోవచ్చునో చెప్పడం ఏ చట్టానికైనా సులభం. ఎక్కడ ఆగాలో చెప్పడమే కష్టం.

తెలుగునాట ఈ చర్చ దురభిప్రాయంతోనే మొదలవుతుంది. ‘ఐ.పి. పెట్టాడు’ అంటే జనం వాడుకలో జనాన్ని ముంచాడనే అర్థం. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు కాగితం పేరు కాస్తా తిట్టయి కూర్చున్నది. అరబీలోని ‘ముఫ్లిస్’ అనే పదం అట్లా పుట్టలేదు. అది ‘ఫల్స్’ అనే రాగి నాణెం నుంచి వచ్చింది. వెండి బంగారాలు పోయి రాగి నాణేల స్థితికి దిగినవాడు ముఫ్లిస్. ఆ పదం స్థితిని చెబుతుందే గాని నేరాన్ని చెప్పదు. నేరం వేరే ఉన్నది: స్తోమత ఉండి కూడా చెల్లింపును వాయిదా వేయడం దౌర్జన్యమని ప్రవక్త (స) హెచ్చరించారు. ఇబ్బందిలో పడినవాడికి మాత్రం చేతికి కలిగేదాకా గడువు ఇవ్వాలని, వదిలివేస్తే మరింత మేలని దివ్య ఖుర్ఆన్ (2:280) బోధించింది. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టడం షరీఅత్‌కు సమ్మతం కాదు.

హనఫీ ధర్మశాస్త్రంలో ప్రామాణికమైన ‘హిదాయా’ను ఇమామ్ మర్గీనానీ (మరణం హి. 593, క్రీ. 1197) రచించారు. అందులోని ‘హజ్ర్’ ప్రకరణం ఈ విషయాన్ని చర్చిస్తుంది. 1791లో చార్లెస్ హామిల్టన్ ఆంగ్లంలోకి తెచ్చిన హిదాయా భారతదేశపు కోర్టుల్లో చాలాకాలం ఆధారగ్రంథంగా ఉండేది. అయితే అది అరబీ మూలం నుంచి గాక, పారశీక అనువాదం నుంచి తయారైనది. హజ్ర్‌ను ఆయన ‘ఇన్‌హిబిషన్’ అన్నారు. నిషేధమనే అర్థం దక్కింది. కాని పసివాని ఆస్తికీ మతిస్థిమితం లేనివాని ఆస్తికీ కాపుదలగా ఉండేది కూడా హజ్రే అన్న సంగతి ఆ ఒక్క మాటలో స్ఫురించదు.

రుణగ్రస్తునిపై హజ్ర్ విధించడానికి ఇమామ్ అబూ హనీఫా (రహ్) ఒప్పుకోలేదు. వయోజనుడైన, వివేకవంతుడైన మనిషి హక్కును హరించడం అప్పు కంటే పెద్ద నష్టమని ఆయన భావం. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌లు మాత్రం, అప్పులవాళ్ళు కోరితే ఖాజీ హజ్ర్ విధించి ఆస్తిని అమ్మవచ్చునన్నారు. మొదట నగదు, తర్వాత చరాస్తి, చివరకు స్థిరాస్తి – ఇదీ క్రమం. అతనికి ఒక జత బట్టలు వదలాలి. రెండు జతలు వదలాలన్న మాట కూడా అక్కడే ఉన్నది; ఒక జత ఉతుక్కొంటే కట్టుకోవడానికి మరొకటి ఉండాలి గదా! ఇల్లు విషయంలో మద్‌హబ్‌లు ఏకీభవించలేదు. ఇమామ్ షాఫియీ మతంలో అమ్మవచ్చు. హంబలీ పండితుడు ఇబ్ను ఖుదామా (మరణం హి. 620) తన ‘ముగ్నీ’లో, తలదాచుకొనక తప్పని ఇంటిని అమ్మరాదన్నారు.

ఇక 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను చూద్దాం. దాని 60వ సెక్షన్ జప్తు చేయరానివాటిని వరుసగా పేర్కొంటుంది: అవసరమైన దుస్తులు, వంటపాత్రలు, పడకలు, మతాచారం ప్రకారం స్త్రీ తీసివేయరాని ఆభరణాలు, చేతివృత్తివారి పనిముట్లు, రైతుకైతే వ్యవసాయ సామగ్రి, జీవనానికి అవసరమైన పశువులు, విత్తనధాన్యం, రైతు, కూలీ, ఇంటి పనివారు నివసించే సొంత ఇల్లు. దివాలా తీసినవాని ఆస్తిలో వీటిని కలపరాదని 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కూడా అంగీకరించింది.

ఈ రెండు గ్రంథాలనూ పాలకుర్తి గడప మీద పెట్టి చూడాలి. చాకలి ఐలమ్మగా పేరొందిన చిట్యాల ఐలమ్మ 1940లలో అక్కడ కౌలు భూమి సాగు చేసుకొన్నది. విసునూరు దేశ్‌ముఖ్ ఆ పంటను కాజేయబోగా, సంఘం కార్యకర్తల అండతో పంట ఆమె ఇంటికి చేరింది. అక్కడ డిక్రీ లేదు, కోర్టు అమీనా లేడు. బలమే జప్తు అధికారి. ఆ రోజుల్లో పాలకుర్తి నిజాం రాజ్యంలోనిది. అయినా ఆమె వంటి రైతుపై నిజంగానే అప్పు డిక్రీ వచ్చి ఉంటే అనుకొందాం. 60వ సెక్షన్ ఆమెకు నాగలి, ఎడ్లు, విత్తనాలు, ఇల్లు వదులుతుంది. హిదాయా హజ్ర్ ప్రకరణం ఒకటి రెండు జతల బట్టలు వదులుతుంది. పేద రైతు గడప మీద, ఆ ఒక్క ప్రకరణాన్ని మాత్రమే చదివితే, కోడ్‌దే పైచేయి. ఈ సంగతి ఒప్పుకోవడానికి జంకనక్కరలేదు.

కాని హిదాయాను ఒక ప్రకరణంతో మూసివేయరాదు. అదే గ్రంథంలో జకాత్ ప్రకరణం చూడండి. నివాసగృహం, ఒంటి బట్టలు, ఇంటి సామాను, స్వారీ పశువు, విద్వాంసుని పుస్తకాలు, వృత్తిదారుని పనిముట్లు – వీటిపై జకాత్ లేదు, ఇవి మనిషి మౌలిక అవసరాలు అని అక్కడ స్పష్టంగా ఉన్నది. ఇది 60వ సెక్షన్ జాబితాకు ఎంత దగ్గర! మరి అల్లాహ్ హక్కు ముందు ఇన్ని మిగిలి, అప్పిచ్చినవాని హక్కు ముందు బట్టలే ఎందుకు మిగలాలి? ధర్మవేత్తల సూత్రంలోనే జవాబున్నది: అల్లాహ్ నిరపేక్షుడు, మనిషి అవసరాలు గలవాడు. అప్పిచ్చినవాడు కూడా పేదవాడు కావచ్చు. అతని పిల్లలకూ ఆకలి ఉంటుంది.

ఈ రెండు ఆకళ్ళ మధ్య ఏర్పడిన లోటును పూడ్చేది మూడో చేయి. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులు (గారిమీన్) ఒకరని ఖుర్ఆన్ (9:60) నిర్ణయించింది. పండ్ల బేరంలో నష్టపోయిన ఒక వ్యక్తి ఉదంతాన్ని సహీహ్ ముస్లిం ఉల్లేఖించింది. ప్రవక్త (స) మొదట అతనికి దానమివ్వండని జనాన్ని కోరారు. అదీ చాలకపోయాకనే, దొరికినంత తీసుకోండి, అంతకు మించి మీకు లేదు అని అప్పులవాళ్ళతో అన్నారు. ముందు సమాజం, ఆ తర్వాత జప్తు, ఆపైన హద్దు – ఇదీ వరుస. కోడ్‌లో హద్దు ఉన్నది, సమాజం లేదు. హిదాయా ఏర్పాటు మొత్తం ఈ సమాజం మీదనే నిలబడి ఉన్నది. గారిమీన్ వాటాను మరచిన బస్తీలో హజ్ర్ ప్రకరణం ఒంటికాలి మీద నిలుస్తుంది.

2016 నాటి దివాలా స్మృతి కూడా పనిముట్లు, గృహోపకరణాలు, ఒక ఇల్లు, మతాచారం ప్రకారం విడువరాని ఆభరణాలు మినహాయించింది. అయితే అవి తాకట్టులో లేనివై ఉండాలన్నది. పుస్తెలు బ్యాంకులో, ఇల్లు సొసైటీలో కుదువబెట్టిన రైతుకు ఆ మినహాయింపు కాగితం మీది పాయసమే. పైగా 2019 డిసెంబరు 1న అమలులోకి వచ్చిన వ్యక్తిగత దివాలా భాగం కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికే పరిమితమయింది.

చట్టం రాసినంత మాత్రాన గడప కాపాడబడదనడానికి పాలకుర్తి పరిసరాలే సాక్ష్యం. అదే జనగామ ప్రాంతపు కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ భూమి వ్యాజ్యం కోర్టులో గెలిచాడు. గెలిచినందుకే దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో హతుడయ్యాడు. తీర్పు అతని పక్షాన ఉన్నది, ఊరు మాత్రం సమయానికి అతని పక్కన లేదు. ఐలమ్మ పంట ఇల్లు చేరిందంటే పక్కన నిలబడ్డ మనుషులుండటమే కారణం.

నిజమైన ముఫ్లిస్ ఎవరో ప్రవక్త (స) సహచరులకు వివరించారు. నమాజులు, ఉపవాసాలు, జకాత్ వెంటబెట్టుకొని ప్రళయదినాన హాజరై, లోకంలో ఒకరిని తిట్టి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని కొట్టినందుకు ఆ పుణ్యాలన్నీ బాధితులకు పంచి ఇవ్వవలసి వచ్చినవాడే ముఫ్లిస్. పొరుగువాని వంటగిన్నె దాకా చేయి చాపినవాడైనా, ఉండి కూడా ఎగవేసినవాడైనా అక్కడ నిలబడవలసినవారే. ఆ జప్తులో మినహాయింపుల జాబితా లేదు. ఒక జత బట్టలు కూడా మిగలవు.