పొరలలో పలికే పనితనం
నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ శిల్పి రాతిని తొలగిస్తూ రూపం తీస్తే, నమూనా సైనిక వాహనం లోపలి భాగాన్ని తీర్చే కళాకారుడు రంగును పొరలుగా చేరుస్తూ వాడకపు జాడలను సృష్టిస్తాడు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారైన బీఎంపీ-2 సైనిక వాహనం పొడవు సుమారు 6.7 మీటర్లు కాగా, 1:35 నిష్పత్తిలో అది దాదాపు 19 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. ఇరుకైన ఆ లోపలి భాగానికి ముందుగా లేత రంగు పూసి, మూలల్లో నిలిచేలా ముదురు రంగును బాగా పలుచన చేసి పారించే ‘వాష్’తో లోతు తెచ్చి, పొడి కుంచెతో అంచులను వెలిగించి, చిన్న స్పాంజి ముక్కతో పెచ్చులూడిన గుర్తులు అద్దుతారు. వానకు తడవని చోట తుప్పు కన్నా బూట్ల రాపిడి, చేతుల మురికి ఎక్కువగా ఉంటాయి కనుక, నేల పలకను, ద్వారపు అంచును, పిడులను మాత్రమే అరగదీసినట్టు చూపే నిగ్రహమే ఈ కళలో అసలైన పాండిత్యం.