ఇద్దరు అల్లాదీన్లు

1993 చివర్లో అమెరికా ఇళ్లలోకి ఇద్దరు అల్లాదీన్లు వచ్చారు. సెగా జెనెసిస్ ఉన్న ఇంటి అల్లాదీన్ చేతిలో కత్తి ఉంది. సూపర్ నింటెండో ఉన్న ఇంటి అల్లాదీన్‌కు కత్తి లేదు. శత్రువుల నెత్తిన దూకడం, యాపిల్ పళ్లు విసరడం, గోడల్లోంచి పొడుచుకొచ్చిన కర్రలు పట్టుకుని ఊగడం, ఇవే అతని బలం. పేరు ఒకటే, డిస్నీ సినిమా ఒకటే, ఆటలు మాత్రం పూర్తిగా వేరు. మొదటిది వర్జిన్ సంస్థలో డేవిడ్ పెర్రీ బృందం చేసింది. డిస్నీ యానిమేటర్లు చేత్తో గీసిన బొమ్మలనే అందులోకి ఎక్కించారు. రెండోది జపాన్‌లోని క్యాప్‌కామ్ తయారీ. దాని రూపకర్త షింజి మికామి మూడేళ్ల తర్వాత రెసిడెంట్ ఈవిల్‌తో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు.

ఏది గొప్పది? బడి మైదానాల్లో మొదలైన ఈ వాదన ముప్పై ఏళ్లు దాటినా తెగలేదు. తెగకపోవడమే మంచిదైంది. రెండు ఆటల్నీ పక్కపక్కన పెట్టి ప్రతి తేడా దగ్గరా ఆగి, ఇది యంత్రం వల్ల వచ్చిందా, చేసినవాళ్ల చేతి వల్ల వచ్చిందా, అమ్మేవాళ్ల నియమం వల్ల వచ్చిందా అని అడిగే అలవాటు ఆ వాదనలోంచే పుట్టింది. గేమ్ అంటే ఏమిటో ఇంత బాగా నేర్పే పద్ధతి మరొకటి కనపడదు.

ముందు యంత్రాల సంగతి. 1988లో జపాన్‌లో విడుదలైన సెగా పెట్టెలో మోటరోలా 68000 ప్రాసెసర్ 7.67 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. రెండేళ్ల తర్వాత వచ్చిన నింటెండో ప్రాసెసర్ గరిష్ఠ వేగం 3.58 మాత్రమే. (రెండూ వేర్వేరు జాతుల ప్రాసెసర్లు కాబట్టి ఈ అంకెల్ని నేరుగా తూచకూడదు. అప్పటి ప్రకటనలు తూచాయి.) రంగుల దగ్గరికొస్తే నింటెండోదే పైచేయి. 32,768 రంగుల్లోంచి 256ను ఒకేసారి తెర మీదికి తేగలదు. సెగా దగ్గర ఉన్నవే 512, ఒకేసారి కనిపించేవి మామూలుగా 61.

శబ్దంలో తేడా ఇంకా లోతైనది. సెగా పెట్టెలోని యమహా చిప్ ఒక తరంగంతో మరో తరంగాన్ని వంచి స్వరాన్ని అప్పటికప్పుడు పుట్టిస్తుంది. అందుకే దాని బేస్ లోహంలా గరగరలాడుతుంది. నింటెండోలోది సోనీ చిప్. దాన్ని రూపొందించిన కెన్ కుతరాగియే తర్వాత ప్లేస్టేషన్‌ను తెచ్చాడు. ఈ సోనీ చిప్ ముందే రికార్డు చేసిన చిన్న చిన్న శబ్దపు తునకలను వాయిస్తుంది. వయొలిన్ వయొలిన్‌లాగే వినిపిస్తుంది కానీ, అన్నీ 64 కిలోబైట్ల చోటులో ఇమడాలి కాబట్టి కాస్త దుప్పటి కప్పినట్టుంటుంది. ఒకే కీర్తనను ఈమని శంకరశాస్త్రి వీణ మీదా, షేక్ చినమౌలానా నాదస్వరం మీదా విన్న చెవికి వాయిద్యం ఇచ్చిందేదో, విద్వాంసుడి చెయ్యి ఇచ్చిందేదో విడివిడిగా తెలుస్తుంది. ఆటల్ని పోల్చేవాళ్లకు కావలసిందీ అలాంటి చెవే.

కొన్ని తేడాలు చేతివేళ్ల దగ్గర మొదలవుతాయి. స్ట్రీట్ ఫైటర్ 2లో మూడు రకాల గుద్దులు, మూడు రకాల తన్నులు, మొత్తం ఆరు బటన్లు కావాలి. నింటెండో కంట్రోలర్‌కు ఆరూ ఉన్నాయి. ఆట 1992లోనే వచ్చింది. సెగా కంట్రోలర్‌కు ఉన్నవి మూడే. 1993లో ఆట అక్కడికి చేరేసరికి సెగా ఆరు బటన్ల కొత్త కంట్రోలర్‌నే తేవలసి వచ్చింది. పాతదానితో ఆడేవాళ్లు గుద్దుల నుంచి తన్నులకు మారాలంటే స్టార్ట్ బటన్ నొక్కాలి. పోరాటం మధ్యలో ఆ ఒక్క నొక్కుడు ఎంత ఖరీదైనదో ఆడి ఓడినవాళ్లకు తెలుసు.

మోర్టల్ కాంబాట్ కథ యంత్రానిది కానే కాదు. 1993 సెప్టెంబర్ 13న రెండు కన్సోళ్లకూ ఒకేరోజు విడుదలైన ఈ ఆటలో, నింటెండో నియమాల కారణంగా నెత్తురు బూడిదరంగు చెమటగా మారిపోయింది. చావుదెబ్బలనూ మార్చేశారు. సెగాలో మాత్రం ఒక రహస్య కోడ్ నొక్కితే నెత్తురు వచ్చేది. రంగుల్లో, శబ్దంలో అసలు ఆర్కేడ్ ఆటకు దగ్గరగా ఉన్నది నింటెండో కూర్పే. ఎక్కువ అమ్ముడుపోయింది సెగాది. ఆ డిసెంబర్‌లో అమెరికా సెనేట్ ఆటల్లో హింస మీద విచారణ జరిపింది. మరుసటి ఏడు వయసుల వారీ రేటింగ్ విధానం వచ్చింది. రెండో భాగం 1994లో నింటెండోకూ నెత్తురుతోనే చేరింది.

పోల్చడానికి ఒక క్రమశిక్షణ ఉంది. మొదటి నియమం, అప్పటి ఆటను అప్పటి తెర మీద చూడాలి. 1991 నాటి సోనిక్‌లో జలపాతాన్ని నేటి టీవీలో చూస్తే నిలువు చారలు కనిపిస్తాయి, బొమ్మ గీయడం చేతకాలేదేమో అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. ఆనాటి కాంపోజిట్ కేబుల్ పక్కపక్క పిక్సెళ్ల రంగుల్ని కలిపేసేది. ఆ కలయికను నమ్ముకునే చిత్రకారులు చారలు గీశారు. పాత గాజు తెర మీద అవే చారలు కరిగి, వెనకాల ఉన్నది లీలగా కనపడే నీళ్లవుతాయి. పరికరం లోపాన్ని రంగుల పెట్టెలో కలుపుకున్న ఆ పనితనం, తప్పు కేబుల్‌తో పోల్చినవాడికి ఎప్పటికీ కనపడదు.

రెండో నియమం, ఏ దేశపు కూర్పో చూసుకోవాలి. అమెరికా, జపాన్ టీవీలు సెకనుకు 60 సార్లు తెరను నింపేవి. యూరప్‌లో, మన దేశంలో ఉన్న పాల్ పద్ధతిలో 50 సార్లే. సర్దుబాటు చెయ్యని ఆట యూరప్‌లో ఆరో వంతు నెమ్మదిగా నడిచింది, పాట కూడా ఈడ్చినట్టయింది.

తర్వాతి తరాల కన్సోళ్ల కాలంలో కంటి తీర్పుకు కొలతలు తోడయ్యాయి. ఒకప్పుడు గేమ్ పత్రికల సంపాదకుడైన రిచర్డ్ లెడ్‌బెటర్ మొదలుపెట్టిన డిజిటల్ ఫౌండ్రీ ఇందులో పేరు మోసింది. కన్సోల్ నుంచి వచ్చే వీడియోను చెక్కుచెదరకుండా రికార్డు చేసి, ప్రతి ఫ్రేమును ముందుదానితో పోలుస్తారు. రెండూ అచ్చంగా ఒకటే అయితే ఆ క్షణంలో యంత్రం కొత్త ఫ్రేము గీయలేకపోయిందని అర్థం. పిక్సెళ్ల లెక్క ఇంకా ముచ్చటైనది. వాలుగా ఉన్న ఒక కరెంటు తీగనో, గోడ అంచునో పెద్దది చేసి చూస్తే మెట్లుగా కనిపిస్తుంది. తెర మీద ప్రతి 9 వరుసలకు 8 మెట్లే ఉంటే, 720 వరుసల చిత్రంలో యంత్రం నిజంగా గీసినవి 640. 2008లో జీటీఏ 4 ఎక్స్‌బాక్స్ 360లో 720గానూ, ప్లేస్టేషన్ 3లో 640గానూ తేలింది. మరుసటి ఏడు బయోనెట్టాలో తేడా ఇంకా బాధాకరం. అసలు బృందం ఎక్స్‌బాక్స్ కూర్పు చేసింది, ప్లేస్టేషన్ 3కు మార్చే పని మరొకరి చేతికి వెళ్లింది, ఫ్రేములు చాలాచోట్ల సగానికి దగ్గరగా పడిపోయాయి. రెండు కన్సోళ్లలోనూ మొత్తం మెమరీ 512 మెగాబైట్లే. ప్లేస్టేషన్ 3లో అది రెండు సగాలుగా విడిపోయి ఉండటంతో, ఉమ్మడి గదిలో సర్దిన సామాను రెండు చిన్న గదుల్లోకి మార్చినట్టయ్యేది.

2019లో డిస్నీ పాత ఆటల్ని కొత్త కన్సోళ్ల కోసం ఒక సంపుటిగా తెచ్చినప్పుడు అందులో కత్తి పట్టిన అల్లాదీన్ ఉన్నాడు, రెండోవాడు లేడు. 2021లో వచ్చిన సంపుటిలో అతనికీ చోటు దొరికింది. ఒకప్పుడు రెండు కంపెనీల పెట్టెలు కొంటే గానీ కలవని ఆ ఇద్దరూ ఇప్పుడు ఒకే జాబితాలో ఉన్నారు. ఇద్దరి ఆటా అగ్రబా బజారులోనే మొదలవుతుంది. ఒకరు కత్తి దూసి కాపలాదారు మీదికి వెళ్తే, ఇంకొకరు అతని నెత్తిన అడుగేసి అవతలికి దూకుతారు.