కొలత ఒకచోట, కుళాయి మరొకచోట

గద్వాల సీమకు ఒకవైపు కృష్ణ, మరొకవైపు తుంగభద్ర. వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలను కూడ కృష్ణ ఒరుసుకొనే పోతున్నది. అయినా ఈ ప్రాంతపు పల్లెలు తరతరాలుగా దాహం తీర్చుకొన్నది చాలవరకు బావి నీటితో, ఆ తరువాత బోరు నీటితో. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ఈ వరుసను మార్చినది. కృష్ణ నీటిని శుద్ధిచేసి గొట్టాల ద్వారా ఊళ్లలోని ట్యాంకులకు పంపుతున్నారు. కొల్లాపురం దగ్గరి ఎల్లూరు ఈ ఏర్పాటులో ఒక ముఖ్యస్థానం.

ఇది చిన్న పని కాదు. కాని నీరు ఇంటికి చేరుట వేరు, మంచినీరు ఇంటికి చేరుట వేరు. 2022 జులైలో గద్వాల పట్టణంలో కలుషితమైన నీరు తాగి వాంతులు, విరేచనాలతో అనేకులు ఆసుపత్రి పాలైనారు. మరణాలు కూడ సంభవించినట్లు పత్రికలు వ్రాసినవి. శుద్ధి కేంద్రంలో నిర్మలంగా ఉన్న నీరు ఇంటి బిందెలోనికి వచ్చేలోపల ఎందుకు చెడుతుంది?

గొట్టంలో నీరు ఎల్లప్పుడు ఉండదు. రోజుకు కొద్ది గంటలు వదలి కట్టివేస్తారు. ఒత్తిడి పడిపోగానే గొట్టం, లోపల ఖాళీ ఏర్పడిన పీల్చుడుగొట్టం వలె, పగుళ్లగుండా చుట్టుపట్ల మురుగును లోనికి లాగుకొంటుంది. కుళాయికి సొంత మోటారు బిగించినవారు ఈ పీల్చుడును మరింత పెంచుతారు. దీనికి విరుగుడుగా భారతీయ ప్రమాణం (ఐ.ఎస్. 10500, 2012 నాటి సవరణ) కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండవలెనని చెప్పుచున్నది. ఆ మిగులే దారిలో చొరబడిన సూక్ష్మజీవులను అణచే కాపలా.

ఆ మిగులు ఎట్లా తరిగిపోవునో ఒక లెక్క చూపుతుంది. నలభైవేల లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 80 గ్రాముల క్లోరిన్ కావలెను. తాజా బ్లీచింగ్ పౌడరులో ఇంచుమించు మూడవ వంతు క్లోరిన్ లభిస్తుంది; అంటే 240 గ్రాముల పొడి చాలును. కాని ఆ సంచి మూతి విప్పి, ఎండకు వేడెక్కే గదిలో నెలల తరబడి ఉంచితే శక్తి సగానికి పడిపోవచ్చును. అప్పుడు అదే 240 గ్రాములు ఇచ్చేది లీటరుకు 1 మిల్లీగ్రాము. అందులో కొంత ట్యాంకు అడుగున పేరుకొన్న మడ్డికి, కొంత గొట్టపు పాచికి ఖర్చయి, చివరి ఇంటికి మిగిలేది ఏమీ ఉండకపోవచ్చును. పొడి కలిపినాడు, పుస్తకంలో వ్రాసినాడు. పంచాయతీ పనివానిది తప్పనలేము. పొడి బరువును తూచమన్నారు గాని దాని శక్తిని కొలిచే సాధనం అతని చేతికి ఎవరిచ్చినారు?

ఇక ఫ్లోరైడు సంగతి. ఈ జిల్లాలలో చాలవరకు పరచుకొన్నది గ్రానైటు జాతి శిల. అందులోని ఫ్లోరైటు, అపటైటు వంటి ఖనిజాల నుండి లోతు నీటిలోనికి ఫ్లోరైడు దిగుతుంది. నీటిలో సున్నపుభాగం తక్కువై, సోడాగుణం ఎక్కువైన కొలదీ అది మరింత కరుగుతుంది. క్లోరిన్ దీనిని తాకనైనా తాకదు. కాచినచో నీరు ఆవిరియై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది.

ప్రమాణం ఇక్కడ రెండు సంఖ్యలు చెప్పుచున్నది: లీటరుకు 1 మిల్లీగ్రాము అంగీకారయోగ్యం, వేరు ఆధారం లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చును. గతిలేనివారికిచ్చిన సడలింపు క్రమంగా అందరికీ హద్దై కూర్చుంటున్నది. అంతకంటె పెద్ద లోపం మరొకటి. రోజుకు రెండు లీటర్లు తాగే మనిషికి 1.5 హద్దులో చేరేది 3 మిల్లీగ్రాములు. వైశాఖమాసపు ఎండలో ఐదు లీటర్లు తాగే కూలివానికి 1 హద్దులోనే 5 మిల్లీగ్రాములు చేరుతుంది! స్థానిక శీతోష్ణస్థితిని, తాగే నీటి పరిమాణాన్ని గణించుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. పాలమూరు ఎండను గణించిన సంఖ్య మాత్రం ప్రమాణంలో లేదు.

కుళాయి నీటిపై నమ్మకం చాలక, ఊరూర వెలసిన ఆర్.ఓ. కేంద్రాల డబ్బా నీటిని కొని తాగేవారున్నారు. ద్రవాభిసరణాన్ని తలక్రిందులుచేసి, ఒత్తిడితో నీటిని సన్నని పొరగుండా పంపే యంత్రం అది. ఫ్లోరైడును బాగానే ఆపుతుంది. కాని 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న నీటిలో సగాన్ని శుద్ధిచేస్తే, మిగిలిన సగంలో దాదాపు 4 చేరుతుంది. ఆ నీటిని పారబోసేది ఆ బోరు పక్కనే. పైగా డబ్బా నీటిలో క్లోరిన్ కాపలా ఉండదు. సరిగా కడగని డబ్బాలో సూక్ష్మజీవులకు అడ్డేమున్నది? పూర్వం నాగపూరులోని నీరీ సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే నల్లగొండ పద్ధతిని రూపొందించినది. శాస్త్రం మంచిదే. రోజూ నీటిని పరీక్షించి పటిక మోతాదు సరిచేసే మనిషి కావలెను, అక్కడే కుంటుపడినది.

చట్టం సంగతి ఇంకా విచిత్రం. అమెరికాలో 1974 చట్టానికి 1996లో చేసిన సవరణ ప్రకారం నీరిచ్చే సంస్థ ఏటా పరీక్షాఫలితాలను వాడుకదారులకు తెలుపవలెను. అక్కడ కూడ చిన్న ఊళ్ల సంస్థలు నియమాలకు అందుకొనలేక అవస్థపడుతున్నవి. ఇక్కడ సర్కారు నీటికి ఐ.ఎస్. 10500 ఒక ఆదర్శమే గాని తప్పితే శిక్షపడే శాసనం కాదు. నల్లమలలోని చెంచు పెంటల వంటిచోట్ల ఆదర్శం మాట అటుంచి, గొట్టం వేయుటే కష్టం.

2019లో మొదలైన జల్‌జీవన్ మిషన్ ఊరికి ఐదుగురు మహిళలకు నీటిపరీక్ష నేర్పవలెనని సంకల్పించినది. పాఠశాలలు కూడ ఇందులో పాలుపంచుకొనవచ్చును. క్లోరిన్ పరీక్షకు పెట్టెలో ఇచ్చిన మందుచుక్కలు వేసి రంగును పటముతో పోల్చితే చాలును. ట్యాంకు క్రింద గాక, ఊరి చివరి కుళాయి వద్ద చేయవలెను. సూక్ష్మజీవుల పరీక్ష వేరు. హైడ్రోజన్ సల్ఫైడు సీసాలో పోసిన నీరు నల్లబడుటకు ఒకటి రెండు రోజులు పట్టును. అది నల్లబడే వేళకు ఆ ట్యాంకు నీటిని ఊరంతా తాగివేసి ఉంటుంది.