గోడ మీది కథ, పుట మీది కథ

చేత్తో గీసే రోజుల యానిమేషన్ చిత్రాలలో కథకుడంటే వాక్యాలు రాసేవాడు కాదు, బొమ్మలతో కథ నడిపేవాడు. అతని పనిముట్టు స్టోరీబోర్డు, అంటే సన్నివేశాలను చిన్న కాగితాల మీద గీసి వరుసగా పిన్నులతో గుచ్చిన పెద్ద పలక. దాని ఎదుట నిలబడి, ఏనుగుకొక గొంతు, ఎలుకకొక గొంతు పెట్టి కథ వినిపించేటప్పుడు నవ్వు పుట్టని చోట కాగితం ఊడిపోయేది. నవ్వు పుట్టిన చోటనైనా ఆ గీత తెర మీదికి చేరేది కాదు, ఎందుకంటే యానిమేటర్లు దానిని మళ్ళీ తమ చేతులతో గీసేవారు.

ఈ విద్యలో బిల్ పీట్‌ది పెద్ద చేయి. 1915లో ఇండియానాలో పుట్టి, 1937లో డిస్నీ స్టూడియోలో చేరిన ఆయనకు మొదట దక్కింది ఇన్‌బిట్వీనర్ పని, అనగా ఒక కదలికలోని ప్రధాన భంగిమల నడుమ ఖాళీలను పూరించే చాకిరీ. డోనాల్డ్ డక్‌ను గీసి గీసి విసిగిన ఆ చేయి కథావిభాగానికి మారి, ‘డంబో’, ‘సిండరెల్లా’ల మీదుగా, 1961 నాటి డాల్మేషియన్ కుక్కల చిత్రానికి వచ్చేసరికి, పలువురు కలిసి అల్లే కథను ఒంటరిగా అల్లగల స్థాయికి చేరింది. ‘ది జంగిల్ బుక్’ దగ్గర వాల్ట్ డిస్నీతో పొసగక ఆయన 1964లో స్టూడియో విడిచారు. తొలి పిల్లల పుస్తకం 1959లోనే వెలువడి ఉండటంతో దారి వెతుక్కోవలసిన పని పడలేదు.

తెర మీద చూపు ఎక్కడ నిలవాలో కెమెరా శాసిస్తుంది, పుస్తకంలో ఆ అధికారం పిల్లవాడిది. ‘చెస్టర్ ది వరల్డ్లీ పిగ్’ అనే 1965 నాటి పుస్తకంలో సర్కస్ మోజుతో ముక్కు మీద నిలబడటం నేర్చిన పందిపిల్ల ఎన్నో అగచాట్లు పడగా, దాని ఒంటి మీది మచ్చలు ప్రపంచ పటమని చివరికెప్పుడో ఎవరో గుర్తిస్తారు. సినిమాలో అయితే ఆ క్షణం దాటిపోతుంది. పుస్తకంలో పాఠకుడు వెనుక పుటలు తిరగేసి, ఖండాలను వేలితో వెతుక్కుంటాడు. ఇంతకన్నా పెద్ద చమత్కారం పీట్ సినిమాలలో దొరకదనే చెప్పాలి.

1989 నాటి ఆయన ఆత్మకథలో బొమ్మ లేని పుట ఉండదు. అమెరికాలో పిల్లల పుస్తకాల చిత్రకళకు ఇచ్చే కాల్డికాట్ ఆనర్ దానికి 1990లో దక్కింది. అందులో వాల్ట్ డిస్నీ కూడా పీట్ పెన్సిల్ గీసిన పాత్రే.